‘యొనర్చునీ’లో ఉన్నది ‘ఈ’యా, ‘నీ’యా?

పాతపద్యం: మొన్న హైదరాబాద్‌లో సమానత్వం, స్వేచ్ఛల మీద పెట్టిన బొమ్మల ప్రదర్శన చూశాను. ఓ మూల అరిగిపోయిన తోలు చెప్పులు వేలాడదీసి, కింద పీట మీద చెప్పులు కుట్టే ఆరె, తోలు కోసే రంపె పెట్టారు. ఆరె పిడి చేతి చెమటకి నల్లబడి ఉంది. వెనక గోడ మీద జాషువా ‘గబ్బిలం’ కావ్యంలోని పద్యం, ‘పిప్పి యొనర్చు నీ భరత వీరుని పాదము’ అని. అందులో ‘నీ’ ఒక్కటే ఎర్రరంగులో, విడిగా, పక్కనే అద్దం. చూస్తే మన మొహమే! ఒళ్లు జలదరించింది గానీ, మా మాస్టారు ‘ఈ భరతవీరుడు’ అని చెప్పినట్టు గుర్తు. ఏది రైటు?

సూత్రాలరావు: అనుమానమెందుకు, ‘ఈ’యే. ఒనర్చు + ఈ, మధ్యలో ‘న్’ వచ్చి చేరే నుగాగమం. వచ్చునప్పుడు, చేయునతడు లాగే. ఆ ఖాళీ పెట్టి పద్యాన్ని విరగ్గొట్టారు.

వినుకొండోణ్ణి: నుగాగమం వచ్చినా, అసలు సంధే లేకపోయినా చెవికి ఒకటే కదండీ, మరి సూత్రం తేల్చిందేంటి? చివర్లో ‘సుమీ’ అంటున్నాడంటే ఎదురుగా ఎవరో ఉన్నట్టేగా.

సూత్రాలరావు: ఎవరు? కావ్యంలో నాయకుడు మాట్లాడే గబ్బిలం ఇంకా రానే లేదు.

వినుకొండోణ్ణి: గబ్బిలం కాదు సార్, చదివేవాడు. ఆ అద్దం పెట్టినాయనకి తెలిసింది.

హార్మోనియం: ఉత్పలమాలలో గణం ‘నర్చునీ’ దగ్గరే తెగుతుంది. పాడేవాళ్లు రాగం లాగేదీ అక్కడే. ఇక ఈ, నీ ఎవడికి వినపడతాయి!

గోదారిగట్టు: గరిమెళ్ల ‘మాకొద్దీ తెల్లదొరతనము’ అంటే దళిత కవి కుసుమ ధర్మన్న ‘మాకొద్దీ నల్లదొరతనము’ అన్నాడు. అక్కడా సంధిలో దాక్కున్నది వేలు పెట్టి చూపించే ‘ఈ’యే. నన్నడిగితే జాషువాదీ అదే వేలు. ధర్మన్నని ఎవరూ తలుచుకోరు, అదీ నా బాధ.

సూత్రాలరావు: తలుచుకోండి, ఎవరొద్దన్నారు. కానీ అది ఉకారసంధి, ఇది నుగాగమం. రెండిటినీ ఒకే గాటన కట్టకండి.

హార్మోనియం: అది సరే మాస్టారూ, నాలుగో పాదం ‘దెప్పుడు నప్పువడ్డది సుమీ’లో యతి చెప్పండి. దె, మీ. ఎలా కుదిరింది?

గోదారిగట్టు: ‘లేదు + ఎప్పుడు’లో ఎ, ‘సుమీ’లో ఈ. అచ్చుకి అచ్చు కుదిరే స్వరయతి.

వినుకొండోణ్ణి: అంటే అక్కడా ‘ఈ’ దాక్కుందా 😄

సూత్రాలరావు: ‘సుమీ’ని అలా విడదీయొచ్చని ఎవరు చెప్పారు? లక్షణం చూపించండి.

పాతపద్యం: నా అద్దం సంగతి?