అందరి మాటా వినాలా, ఎంచుకున్న ఇద్దరి మాటే వినాలా?

నిదానం:
ఉద్యోగం మానేయాలా వద్దా అని తొమ్మిది మందిని అడిగాను. తలా ఒకటి చెప్పారు, బుర్ర వేడెక్కింది. అప్పట్నుంచి ఇద్దరి మాటే వింటున్నాను. మిగతావాళ్లు చెబితే తలూపి వదిలేస్తున్నా. తప్పంటారా?

గడుగ్గాయి:
తప్పేముంది? ఆ పనిలో దెబ్బతిన్నవాళ్లనో బాగుపడ్డవాళ్లనో అడగాలి గానీ, ఒడ్డున కూర్చుని ఈత నేర్పేవాళ్లకి కొదవా!

వేపచెట్టు:
ఇంతకీ ఆ ఇద్దరూ మీకు నచ్చేదే చెబుతారా? అది ముందు చూసుకోండి.
అనుభవం ఒక్కటే చూస్తే ఏమవుతుందో స్పెయిన్ దీవి టెనెరిఫేలో జరిగిన విమాన ప్రమాదం చెబుతుంది. 1977 మార్చి 27. రన్‌వే నిండా పొగమంచు, దాని మీద రెండు జంబో విమానాలు, ఒకటి కేఎల్ఎం సంస్థది, ఇంకోటి పాన్ ఆమ్ సంస్థది. కేఎల్ఎం కెప్టెన్ టేకాఫ్ మొదలెట్టాడు. "ఆ పాన్ ఆమ్ విమానం ఇంకా తప్పుకోలేదా?" అన్న అర్థంలో వెనక నుంచి ఫ్లైట్ ఇంజనీర్ అడిగాడు. తప్పుకుందని కెప్టెన్ తేల్చేశాడు. రెండూ ఢీకొని 583 మంది పోయారు. ఆ కెప్టెన్ పైలట్లకు శిక్షణ ఇచ్చేంత పెద్దవాడు. మీ లెక్క ప్రకారం ఆ కాక్‌పిట్‌లో వినాల్సింది ఆయన మాటే కదా?

గడుగ్గాయి:
ఆ ఇంజనీరూ అక్కడ పనిచేసేవాడే, దారిన పోయే దానయ్య కాదు. మీ ఉదాహరణ నా వైపే నిలబడింది!

వేపచెట్టు:
సరే, అది ఒప్పుకుంటా. కానీ ఆయన అడిగింది ప్రశ్నలా, మెత్తగా. అనుమానం చాలాసార్లు అంత చిన్న గొంతుతోనే వస్తుంది. తర్వాతి కాలంలో పైలట్ల శిక్షణలో చిన్నవాడు సందేహాన్ని గట్టిగా చెప్పడం, పెద్దవాడు ఆగి వినడం కూడా చేర్చారు.

చెవులపిల్లి:
మీరిద్దరూ ఎవరిని వినాలో తేలుస్తున్నారు, అసలు విన్నారో లేదో ఎవరూ అడగట్లేదు. మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ చెప్పిన చిట్కా ఒకటుంది: అవతలివాడు చెప్పింది మన మాటల్లో తిరిగి చెప్పాలి, వాడు "అవును, అదే" అన్నాకే మనం జవాబివ్వాలి. మొన్న మా తమ్ముడి మీద ప్రయోగించా. మూడుసార్లు "కాదు" అన్నాడు. అప్పటికే నా జవాబు నోటి చివర రెడీగా ఉంది, సిగ్గేసింది.

గడుగ్గాయి:
తొమ్మిది మందితోనూ ఇలా చేస్తే రిటైర్మెంట్ వయసొచ్చేస్తుంది.

నిదానం:
ఒకడితో చేశాను, ఇందాకే. వదిలేసిన ఏడుగురిలో వాడొకడు. "నువ్వు మానేయమన్నావు కదరా" అన్నాను. "నేనెప్పుడన్నాను? ముందు నెల రోజులు సెలవు పెట్టి చూడమన్నాను" అన్నాడు.