బెణుకు తగ్గినా చీలమండ మళ్లీ మళ్లీ ఎందుకు మడత పడుతోంది?

ప్రశ్న (కబడ్డీ కోచ్): మా రైడర్‌కి ఆరు వారాల కింద కుడి చీలమండ బెణికింది. ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంది. ఇప్పుడు వాపూ నొప్పీ లేవు, నేరుగా పరిగెత్తగలుగుతున్నాడు. బోనస్ గీత దాటి చటుక్కున వెనక్కి తిరిగేటప్పుడే కాలు పక్కకు పోతోంది. ఈమధ్య రెండుసార్లు మళ్లీ మడత పడింది. బలం తగ్గిందా?

స్పోర్ట్స్ ఫిజియో: బలం ఒక్కటే కాదండీ. పాదం లోపలికి మడత పడితే మామూలుగా ముందు తెగేది బయటి గిలక (చీలమండ పక్కన పొడుచుకొచ్చిన ఎముక) ముందున్న లిగమెంటు, అంటే ఎముకలను కలిపి ఉంచే పట్టీ. పాదం ఏ కోణంలో ఉందో మెదడుకు చెప్పే నరాల కొసలు అందులో ఉంటాయి. వాటికి దెబ్బ తగలడమే ఈ తూలుడుకు కారణం కావచ్చని 1965లోనే బ్రిటన్‌లో ఫ్రీమన్ బృందం చెప్పింది. దాంతోపాటు పిక్క బయటివైపుండే పెరోనియల్ కండరాలు ఆలస్యంగా స్పందిస్తాయి, తుంటి పక్క కండరాల పట్టు కూడా తగ్గొచ్చు. అసలు చిక్కేమిటంటే, మడత పడటం మొదలయ్యాక కండరం బిగుసుకునేలోపే జరగాల్సింది జరిగిపోతుంది. కాలు నేలను తాకకముందే పాదం సరైన కోణంలో ఉండాలి. శిక్షణంతా దానికోసమే.

ముందు రెండు కాళ్లనూ పోల్చి చూడండి:
- మడమ లేపకుండా మోకాలు గోడకు తాకించాలి. బొటనవేలికీ గోడకీ ఉన్న దూరంలో 2 సెం.మీ. కన్నా ఎక్కువ తేడా ఉంటే కీలు ఇంకా బిగుసుకునే ఉన్నట్టు.
- ఒంటికాలిపై నిలబడి, రెండో కాలిని నేలమీదుగా ముందుకు వీలైనంత చాపించండి. 4 సెం.మీ. దాటి తేడా ఉంటే మ్యాచ్‌కి దించొద్దు.
- ఒంటికాలిపై మడమ లేపడం: రెండు కాళ్లకూ లెక్క దాదాపు సమానం కావాలి.

కోచ్: రోజూ రబ్బరు బ్యాండుతో పాదం బయటికి తిప్పడం వందసార్లు చేయిస్తున్నాను. చాలదా?

ఫిజియో: వంద అక్కర్లేదు. రోజు విడిచి రోజు 3 సెట్లు, సెట్‌కు 10–12 చాలు. పాదాన్ని బయటికి తిప్పాక, వెనక్కి వచ్చేటప్పుడు మూడు నాలుగు సెకన్లు పట్టాలి. ఆ నెమ్మదిలోనే పని ఉంది. చాలామంది పాదానికి బదులు మోకాలు తిప్పేస్తారు. పిక్క కింద తువ్వాలు చుట్టపెట్టి, మోకాలిని చేత్తో కదలకుండా పట్టుకోమనండి.

బ్యాలెన్స్ మాత్రం రోజూ పది నిమిషాలు. మొదట చెప్పుల్లేకుండా గట్టి నేల మీద ఒంటికాలిపై 30 సెకన్లు, తర్వాత కళ్లు మూసుకుని, ఆపైన మడిచిన మ్యాట్ మీద బంతి పట్టుకుంటూ. బొటనవేలి మొదలు నేలనుంచి లేస్తున్నా, వేళ్లు ముడుచుకుని నేలను పట్టేస్తున్నా వెనకటి మెట్టుకే వెళ్లండి. ఇవి కుదిరాక ఒంటికాలి గెంతులు: ముందుకు, పక్కకు, చివర్లో తిరుగుతూ. దిగాక రెండు సెకన్లు కదలకుండా నిలబడాలి.

మరో సభ్యుడు (ట్రైనర్): చీలమండకు టేపు వేస్తే కండరం బలహీనపడుతుందన్న భయం వద్దు. ఒకసారి బెణికినవాళ్లకు టేపు గానీ లేసులున్న బ్రేస్ (చీలమండకు తొడిగే ఆధారం) గానీ మళ్లీ బెణకడాన్ని బాగా తగ్గిస్తాయి. టేపు పట్టు చెమటకు సడలిపోతుంది, హాఫ్ టైమ్‌లో చూసుకోండి. గట్టి ప్లాస్టిక్ బ్రేస్ మాత్రం కబడ్డీకి పనికిరాదు. యాంకిల్ హోల్డ్ (రైడర్ చీలమండను పట్టి ఆపడం) పట్టేవాడి చేతికి దెబ్బ.

ఫిజియో: అవును, ఈ సీజనంతా వేయించండి. కీలు లోపల లోతుగా నొప్పి వచ్చినా, మధ్యలో పట్టేసినట్టు ఆగినా, ఆట తర్వాత ప్రతిసారీ వాచినా వ్యాయామాలు ఆపి ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించండి. మృదులాస్థి దెబ్బతింటే మామూలు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు, ఎంఆర్ఐ అవసరం పడొచ్చు.