ఐదున్నర మీటర్ల పడవతో మార్లిన్ వేట: నాలుగుసార్లు వెళ్లాను, నాలుగుసార్లూ ఖాళీ చేతులే

సూర్యలంక_కుర్రాడు

అందరికీ నమస్కారం. మాది బాపట్ల. చిన్నప్పుడు నాకు సముద్రమంటే కార్తీకమాసంలో సూర్యలంకలో ఒక మునక, ఒడ్డున పులిహోర, అంతే. ఉద్యోగం కోసం ఆస్ట్రేలియాలో న్యూకాజిల్‌కు వచ్చాక మాత్రం ఈ పిచ్చి పట్టుకుంది. రెండేళ్ల క్రితం 5.6 మీటర్ల అల్యూమినియం పడవ కొన్నాను. పాతదే, 115 గుర్రాల ఇంజను, అవుట్‌రిగ్గర్లు (దారాలను దూరదూరంగా పట్టి ఉంచే పక్క కర్రలు) లేవు. జనవరి వస్తే ఇక్కడ తూర్పు ఆస్ట్రేలియా ప్రవాహం వెచ్చటి నీలం నీళ్లను ఉత్తరం నుంచి మోసుకొస్తుంది, వెంటే మార్లిన్ అనే పొడవాటి కొమ్ము మూతి పెద్ద చేప వస్తుంది. మా ఇంటి నుంచి గంటలోపు ప్రయాణంలో పోర్ట్ స్టీఫెన్స్. నెల్సన్ బేలో తెల్లవారుజామున నాలుగున్నరకు పడవ దింపి, టొమారీ కొండ పక్కగా బయటపడి, తీరం కనుమరుగయ్యేదాకా వెళ్తున్నాను.

ఈ సీజన్లో నాలుగుసార్లు వెళ్లాను. దుకాణంలో అబ్బాయి చెప్పిన ఐదు లూర్లు (పడవ వెనక లాగే ఉత్తుత్తి ఎరలు) కొన్నాను. వాటి ధర మా ఆవిడకు ఇంకా పూర్తిగా తెలియదు. మొదటి రెండుసార్లూ ఏమీ లేదు. మూడోసారి పదకొండు గంటలప్పుడు నల్లటి ఊదారంగు లూర్ వెనక గోధుమరంగు నీడ ఒకటి కనిపించింది. నీళ్లలోంచి కర్రముక్కలాంటిది పైకి లేచి లూర్‌ను రెండుసార్లు కొట్టింది. రీలు నాలుగు సెకన్లు అరిచింది. నేను గాలం కర్ర అందుకునేలోపు దారం వదులైపోయింది. లూర్‌ను లాగి చూస్తే లీడర్ అనే లావుపాటి చివరి దారం మీద జానెడు మేర గరుకు కాగితంతో రుద్దినట్టు గీతలు. గాలం మొనకు మాత్రం ఏమీ అంటలేదు. నాలుగోసారి మరో రెండు దెబ్బలు తగిలాయి, ఒక్కటీ నిలవలేదు.

ఐదూ ఒకేసారి వేస్తున్నాను. దారం 24 కిలోలది. డ్రాగ్ (ఎంత బలంగా లాగితే రీలు దారం వదలాలో చెప్పే బిగువు) చేత్తో లాగి చూసి, గట్టిగానే ఉందనిపించాక వదిలేస్తున్నాను. నా సందేహం రంగుల మీద. ఏ రంగు వాడాలి? ఇంకా పెద్ద లూర్లు కొనాలా? వేగం ఎన్ని నాట్లు ఉండాలి? (నాట్లు అనగానే నాకు ఇప్పటికీ వరి నాట్లే గుర్తొస్తాయి, క్షమించాలి.) పెట్రోలు ఖర్చు లెక్కేసిన మా ఆవిడ, ఆ డబ్బుతో మార్కెట్లో వంజరం కొంటే ఏడాదంతా పులుసు పెట్టుకోవచ్చని అంటోంది. ఆమెకు నా దగ్గర జవాబు లేదు.

పూడిమడక_మూర్తి

తమ్ముడూ, రంగుల సంగతి చివర చూద్దాం. నువ్వు రాసినదాంట్లో నీ జబ్బేమిటో రెండు వాక్యాల్లో ఉంది. ఐదూ ఒకేసారి వేస్తున్నానన్నావు. డ్రాగ్ చేత్తో లాగి చూశానన్నావు.

నా సంగతి ముందు చెప్తాను, లేకపోతే ఈ పెద్దమనిషెవరని అనుకుంటావు. మాది అనకాపల్లి జిల్లా పూడిమడక. మా నాన్న మొదట తెప్ప మీద, తర్వాత ఫైబర్ పడవ మీద ట్యూనా కోసం గాలం వేసి మమ్మల్ని పెంచాడు. నువ్వు మార్లిన్ అంటున్నదాన్ని మావాళ్లు కొమ్ము కోనాం అంటారు. ఆయనకు అది సరదా చేప కాదు. అది పడితే ఇంటికి డబ్బు, కాని పడవలో భయం. కొమ్ము పడవ వైపు తిరిగితే తాడు వదిలేయమనేవాడు. చేపను చూసి వదలడానికి మనసొప్పదు, కొమ్మును చూసి వదులు అనేవాడు. 2022లో మా పక్కనే ముత్యాలమ్మపాలెం మత్స్యకారుడొకరు కొమ్ము కోనాం పొడిచి చనిపోయినప్పుడు నాకు ఆ మాటే గుర్తొచ్చింది. నేను పద్నాలుగేళ్లుగా ఇక్కడే, మీ దక్షిణాన వొలాంగాంగ్ వైపు, నీ పడవకంటే అర మీటరు పెద్దదానితో వెళ్తున్నాను.

ఇక నీ పడవ. చిన్న పడవ వెనక ఐదు దారాలు, అవుట్‌రిగ్గర్లు లేకుండా, అంటే మలుపు తిరిగినప్పుడల్లా జడ అల్లుకుంటుంది. నువ్వు రోజంతా ఆ చిక్కులు విప్పుతూ ఉండి ఉంటావు, లూర్లను చూసి ఉండవు. మూడు చాలు. ఇంజను ఏడెనిమిది నాట్లలో పెట్టి, వెనక్కి తిరిగి, ఒక పావుగంట నీ పడవ చేసే నురగను ఊరికే చూడు. ఇంజను వెనక తెల్లగా మరిగే నీళ్లుంటాయి, దానికి రెండు పక్కలా వరసగా కెరటాలు లేస్తాయి. మొదటి లూర్‌ను ఎడమ పక్క మూడో కెరటం మీద పెట్టు. రెండోదాన్ని కుడి పక్క ఐదో కెరటం మీద. మూడోది బాగా దూరంగా, నడిమధ్య, తెల్ల నురగ పలచబడిన చోట. ప్రతిదీ కెరటానికి మన వైపున్న వాలు మీద, కొండ దిగుతున్న పిల్లాడిలా జారుతుండాలి. కెరటం వెనక పడితే చేపకు కనపడదు, మనకూ కనపడదు.

ఇప్పుడు ఒక్క లూర్‌నే కళ్లప్పగించి చూడు. అది పైకొచ్చి గుటకేసినట్టు గాలి పీల్చుకోవాలి, బుడుంగున మునగాలి, మునిగాక వెనక తెల్లటి బుడగల తోక కొన్ని సెకన్లు సాగాలి, మళ్లీ పైకి రావాలి. ఈ తోకను చూసే చేప వస్తుంది. అది ఊరికే గెంతుతూ గాల్లో తిరుగుతుంటే గాలం కర్ర కొన కిందికి దించు, లేదా ఇంకో కెరటం వెనక్కి వదులు. ఎప్పుడూ మునిగే ఉంటే కొన పైకెత్తు, లేదా దగ్గరికి లాగు. తల చప్పగా, గుంటపడి ఉన్న లూర్లు నీళ్లను తోస్తూ హడావిడి చేస్తాయి, అవి దగ్గర్లో. తుపాకీ గుండు ఆకారం తలవి నిటారుగా, బుద్ధిగా ఈదుతాయి, అవి దూరంగా. పెద్దవి అనవసరం. నీ ఇంజను లేపే కెరటాలు పొట్టివి, వాటికి ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లూర్ సరిపోతుంది. మీ వైపు వచ్చే చారల మార్లిన్‌కూ, చిన్న నల్ల మార్లిన్‌కూ ఆ సైజే నోటికి ఇంపు.

మధ్య మధ్యలో లాగి చూడు. గాలానికి ఒక్క పోగు నాచు తగులుకున్నా దాని నడక పోతుంది. పది నిమిషాలకోసారి చూడని వాడు రోజంతా నాచును ఊరేగిస్తున్నట్టే.

లీడర్ మీద గీతలు కొమ్మువి. గాలం మొన శుభ్రంగా ఉందంటే చేప లూర్‌ను కొమ్ముతో అడ్డంగా కొట్టిందే తప్ప నోట్లో పెట్టుకోలేదు. లేదా పెట్టుకున్నా మొన ఎముక మీద జారిపోయింది. దాని నోరంతా ఎముక, మెత్తటి చోటు మూలల్లోనే. కాబట్టి ఆకురాయి తీసుకుని మొన పదును పెట్టు. గోటి మీద ఆనిస్తే జారకుండా పట్టుకోవాలి. దుకాణంలోంచి వచ్చిన గాలం పదునుగా ఉంటుందని నమ్మకు. తర్వాత స్ప్రింగు కాటా ఒకటి కొను. గాలం కర్రను దాని గూట్లో పెట్టి, దారాన్ని కాటాకు కట్టి లాగితే ఎనిమిది కిలోల దగ్గర రీలు వదలడం మొదలుపెట్టాలి. దారం బలంలో మూడో వంతు. చేత్తో లాగి చూస్తే నువ్వు బలవంతుడివైన రోజు ఒకలా, నిద్ర చాలని రోజు ఒకలా ఉంటుంది. నీది సగం కూడా ఉండదని నా పందెం.

దెబ్బ తగలగానే ఇంజను ఆపేస్తున్నావా? రాయలేదు కాని ఆపే ఉంటావు, అందరూ ఆపుతారు. ఆపకు. దారం బిగిసి, నాలుగైదు సెకన్లు గట్టిగా పరుగెత్తేదాకా అదే వేగం. గాలాన్ని గుచ్చేది నీ చెయ్యి కాదు, పడవ. ఇంత చేసినా లూర్లతో సగం పోతాయి. అది లెక్కలో వేసుకునే బయల్దేరాలి.

రంగులు: ఒకటి నలుపు-ఊదా, ఒకటి నీలం-తెలుపు, ఒకటి ఆకుపచ్చ. అయిపోయింది. ఇంకో లూర్ కొనబోయే ఆ డబ్బుతో పెట్రోలు పోయించుకుని నీళ్లు వెతుకు. ఐమాస్ (ఆస్ట్రేలియా సముద్ర పరిశీలన సంస్థ) వాళ్లు పెట్టే సముద్ర ఉష్ణోగ్రత పటం ముందు రోజు రాత్రి చూడు. చల్లటి పచ్చ నీళ్లు, వెచ్చటి నీలం నీళ్లు కలిసే అంచు ఎక్కడుందో, వంద బారల లోతు గీతకు దగ్గరగా ఉందో లేదో. (మన బారే వాళ్ల ఫాదమ్. చాచిన రెండు చేతులు. మా నాన్న ఇక్కడి వేటగాళ్ల మాట వింటే ఇట్టే పట్టేసేవాడు.) అక్కడ పక్షులు నీళ్లలోకి దూకుతుంటే, సౌండర్‌లో (నీటి అడుగున ఉన్నది చూపే తెరలో) చిన్న చేపల గుంపు కనిపిస్తే, ఆ చుట్టూనే తిరుగు. ఖాళీ నీళ్లలో బంగారు లూర్ కట్టినా ఖాళీయే.

మాక్వారీ_రాజు

మూర్తి గారితో పేచీ కాదు కాని ఒక్క మాట. లూర్లతో సగం పోతాయని ఆయనే అన్నారు. అలాంటప్పుడు గాలం లేని లూర్లు రెండు లాగి, చేప పైకొచ్చాక బతికిన ఎర అందిస్తే సరిపోతుంది కదా? ఇక్కడ దొరికే స్లైమీ మాకెరెల్ మన కానాగంతకు చుట్టమే. తెల్లవారుజామున ద్వీపం పక్కన పది పట్టుకుని తొట్టెలో వేసుకుంటే, మార్లిన్ దాన్ని మింగకుండా ఉండలేదు. నేను నిరుడు లూర్ల మీద మొత్తం సీజన్లో ఒకటి నిలబెట్టాను, ఎర మీద నాలుగు.

పూడిమడక_మూర్తి

రాజు గారూ, మీ పడవలో ముగ్గురుంటారు. ఇతని పడవలో ఇతనూ, పెట్రోలు లెక్కలు రాసే ఆవిడా. స్టీరింగు ఒకరు, లూర్లు లాగేసేది ఒకరు, మరి ఎర అందించేది ఎవరు? తొట్టెలో నీళ్లు మారుస్తూ కానాగంతలను కాపాడుకోవడం కూడా ఒక ఉద్యోగమే. ముందు మూడు లూర్లు సరిగ్గా ఈదించడం రానివ్వండి. వచ్చే ఏడు మీ దగ్గరికే పంపిస్తాను.

రేడియో_గది_లక్ష్మి

నేను చేపలు పట్టను. సముద్రంలో చిక్కుకున్నవాళ్లను కాపాడే మెరైన్ రెస్క్యూలో వారానికి ఒక పూట స్వచ్ఛందంగా రేడియో దగ్గర కూర్చుంటాను. పైన ఇంత రాశారు, ఒక్కరైనా వెళ్లేటప్పుడు చెప్పి వెళ్లాలని రాయలేదు.

ఈ న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో తీరం నుంచి రెండు నాటికల్ మైళ్లు దాటితే పడవలో ఎపిర్బ్ (ఆపదలో మనమెక్కడున్నామో సంకేతం పంపే పరికరం), మెరైన్ రేడియో ఉండి తీరాలి. మీ దగ్గర ఉండే ఉంటాయి. అయితే ఎపిర్బ్ బ్యాటరీ గడువు తేదీ ఎప్పుడు చూశారు? పడవ దింపగానే వీహెచ్‌ఎఫ్ రేడియోలో పిలిచి ఎంతమంది ఉన్నారో, ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో చెప్పండి. వచ్చాక వచ్చామని కూడా చెప్పండి. ఒకాయన ఒడ్డుకు చేరి, ఇంటికి వెళ్లి, హాయిగా నిద్రపోయాడు. మేము మూడు గంటలు ఆయన కోసం చెమటలు కక్కాం. చివరికి ఫోనెత్తిన ఆయన భార్య మంచం మీద ఉన్నాడని చెప్పింది.

ఇంకొకటి. ఆ ప్రవాహం దక్షిణానికి పోతుంది. మధ్యాహ్నం దక్షిణపు గాలి తిరిగిందంటే రెండూ ఎదురెదురుగా తగిలి కెరటాలు గోడల్లా నిలబడతాయి. మీ పడవకు అది చాలా ఎక్కువ. పెట్రోలులో మూడో వంతు వెళ్లడానికి, మూడో వంతు రావడానికి, మిగతాది ముట్టుకోవద్దు. లైఫ్ జాకెట్ సీటు కింద కాదు, ఒంటి మీద.

సూర్యలంక_కుర్రాడు

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ఆలస్యానికి మన్నించండి.

మూర్తి అన్నా, కాటా కొన్నాను. నేను గట్టిగా ఉందనుకున్న డ్రాగ్ మూడున్నర కిలోలు. పందెం మీదే. లక్ష్మి గారూ, ఎపిర్బ్ గడువు అయిపోయి ఐదు నెలలైంది. సిగ్గుపడి ఆ రోజే కొత్తది తెచ్చాను.

పోయిన శనివారం గాలి లేదు. మా ఆవిడ, తానే స్టీరింగు పట్టుకుంటానంది, ఎందుకో అడగలేదు. నీళ్లు 23 డిగ్రీలు. మూడే లూర్లు. ఉదయమంతా నేను వెనక్కి తిరిగి కూర్చుని వాటినే చూశాను. ఎడమ పక్కది గాలి పీల్చి మునగడం అలవాటైపోయి, నేనూ దానితోపాటే ఊపిరి తీసుకుంటున్నట్టు అనిపించింది. పదిన్నరకు పక్షులు తిరుగుతున్న చోటును దాటుతుంటే దూరంగా ఉన్న నీలం-తెలుపు లూర్ మీద నీళ్లు పగిలాయి. మా ఆవిడ చెయ్యి ఇంజను వేగం తగ్గించే థ్రాటిల్ మీదకు వెళ్లింది. ఆపొద్దని అరిచాను. పెళ్లయ్యాక నేను అంత గట్టిగా అరవడం అదే మొదలట, ఇంటికొచ్చాక చెప్పింది.

నిలిచింది. ఏడుసార్లు గాల్లోకి లేచింది. అరగంటకు పైనే పట్టింది. పడవ పక్కకు వచ్చినప్పుడు దాని ఒంటి మీద చారలు లోపల దీపం పెట్టినట్టు నీలంగా వెలుగుతున్నాయి, కన్ను బత్తాయంత ఉంది, అది నన్నే చూస్తోంది. కొమ్ము ఒకసారి పడవ వైపు తిరిగింది. మీ నాన్నగారి మాట గుర్తొచ్చి లీడర్ వదిలేశాను. మళ్లీ తిన్నగా అయ్యాక పట్టుకున్నాను. 1973 నుంచీ ఇక్కడ నడుస్తున్న ట్యాగింగ్ పథకం (చేపకు గుర్తు పెట్టి వదిలేసే పథకం) వాళ్ల ట్యాగు వీపు మీద గుచ్చి, పడవ మెల్లగా నడుపుతూ కొమ్ము పట్టుకుని కాసేపు నీళ్లలో ఈదించాం. రంగు తిరిగొచ్చింది, తోక విదిల్చి వెళ్లిపోయింది. నా మోచేతి దాకా చర్మం గీరుకుపోయింది.

ట్యాగు కార్డు మీద బరువు అంచనా రాయాలి. నేను ఎనభై కిలోలని రాయబోయాను. మా ఆవిడ, యాభై ఐదు అంది. అరవై అని రాసి పోస్టు చేశాం.