84 శాతం మంది ఆడవాళ్ళు నిజంగానే “కొట్టొచ్చు” అన్నారా?

కృష్ణలంక కుర్రాడు:

నిన్న ఆఫీసులో టీ దగ్గర మళ్ళీ ఆ అంకె తీశారు ఎవరో. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత, 2019-21. భర్త భార్యని కొట్టడం ఏదో ఒక సందర్భంలో సబబేనని తెలంగాణలో 84 శాతం, ఆంధ్రలో 84 శాతం మంది ఆడవాళ్ళు అన్నారట. కర్ణాటకలో 77, కేరళలో 52, హిమాచల్‌లో 15 శాతం. దేశం మొత్తమ్మీద 45.

తెలియనివాళ్ళ కోసం: అడిగినవి ఏడు సందర్భాలు. చెప్పకుండా బయటికెళ్తే, ఇల్లూ పిల్లల్నీ పట్టించుకోకపోతే, ఎదురు మాట్లాడితే, పడక దగ్గర కాదంటే, వంట సరిగ్గా చేయకపోతే, ఆమె మీద అనుమానం వస్తే, అత్తమామల్ని గౌరవించకపోతే. ఏడింటిలో ఒక్కదానికి అవునన్నా చాలు, ఆ 84లో పడిపోయినట్టే.

నేనైతే ఈ అంకెని నమ్మను. మా అమ్మ, పిన్నులు, అక్క, మా వీధిలో ఆడవాళ్ళు అందరూ కళ్ళ ముందున్నారు. వీళ్ళలో ప్రతి పదిమందికీ ఎనిమిది మంది “కొట్టు నాయనా” అంటారా? ఏడాదికోసారి పేపర్లో హెడ్డింగ్‌గా వేసి మన పరువు తీయడానికి తప్ప ఎందుకు పనికొస్తుంది ఇది? కాదనేవాళ్ళు కారణం చెప్పండి.

డల్లాస్ బావ:

“మా అమ్మ అలా అనదు” అని ప్రతివాడూ అంటాడు తమ్ముడూ. అందుకే సర్వేలు పెట్టింది. దేశం మొత్తమ్మీద 7 లక్షల 24 వేల మంది ఆడవాళ్ళతో మాట్లాడిన సర్వే ఇది, వాళ్ళలో లక్ష మందికి పైగా ఈ ప్రశ్నలు అడిగారు. మీ వీధిలో ఎంతమంది? అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలదా?

లెక్కల పంతులు:

మెతుకు సామెత శాంపిల్‌కి పనికొస్తుంది బావగారూ, ప్రశ్నకి పనికిరాదు. లక్ష మందిని అడిగినా అడిగిన మాటలో తేడా ఉంటే ఆ తేడా లక్ష సార్లు వస్తుంది, అంతే. మంది పెరిగేకొద్దీ తగ్గేది వేరే రకం పొరపాటు.

ఇక ఆ “ఏడింటిలో ఒక్కటైనా” అన్నది చూడండి. ఊరికే లెక్క కోసం అనుకుందాం, ఒక్కో సందర్భానికి 22 శాతం మందే అవునన్నారు, ఒకదానికి చెప్పిన జవాబుకీ ఇంకోదానికీ సంబంధం లేదు. అప్పుడు ఏడింటికీ కాదన్నవాళ్ళు 18 శాతమే మిగులుతారు. అంటే 82 శాతం “సమర్థించారు” అని హెడ్డింగ్. ఏ ఒక్క ప్రశ్నలోనూ నాలుగో వంతు మంది కూడా సమర్థించకుండానే!

పాలమూరు పద్మ:

పంతులుగారూ, లెక్క మంచిగనే చేసిన్రు గానీ “సంబంధం లేదు” అన్న కాడనే దెబ్బతిన్నది. అనుమానమొస్తే కొట్టొచ్చు అన్నామె అత్తమామల కాడ కూడా అవునంటది కదా, జవాబులు గుంపుగ వస్తయి. దేశం లెక్కనే చూడుండ్రి. అత్తమామల్ని గౌరవించకపోతే అన్నదానికొక్కదానికే 32 శాతం మంది ఆడవాళ్ళు అవునన్నరు. ఇల్లు, పిల్లల్ని పట్టించుకోకపోతే అన్నదానికి 28. ఏడింట్ల ఏదో ఒకటి అంటే 45. అంటే మొత్తం అంకెల ముప్పావు వంతు కంటె కొంచెం తక్కువ ఒక్క ప్రశ్నల్నే ఉన్నది. దేశమంతట గిట్ల గుంపుగ వచ్చే జవాబులు మన కాడికొచ్చేసరికి విడివిడిగ అయితయా? మన 84 ఉత్త కూడికల గారడీ అని తీసెయ్యరాదు.

ఇంకో సంగతి. నాలుగో విడతల, 2015-16ల కూడా తెలంగాణ ముందటి వరుసల్నే ఉండె. ఒక్కసారైతే పొరపాటు అనుకోవచ్చు.

లెక్కల పంతులు:

ఒప్పుకుంటున్నాను. 22 అన్నది మరీ తక్కువ వేశాను. కానీ పేపర్లు ఏడింటికీ విడివిడిగా అంకెలు వేయకుండా ఒక్క 84 వేయడం మాత్రం తప్పే. వంట బాగోలేదని కొట్టొచ్చన్నవాళ్ళూ, అక్రమ సంబంధం అనుమానం దగ్గర మెత్తబడ్డవాళ్ళూ ఒకే గంపలో పడుతున్నారు.

చేట చప్పుడు:

నేను మూడేళ్ళు సర్వేల్లో ఇంటింటికీ తిరిగాను. మీరనే సర్వే కాదు, ఇలాంటి ప్రశ్నలే ఉన్న ఇంకోటి. ఏజెన్సీ పేరు వద్దులెండి, బాకీ డబ్బులే ఇంకా రాలేదు.

కనిగిరి వైపు ఒక ఊరు. మధ్యాహ్నం మూడయింది. ఎండకి టాబ్లెట్ చేతిలో కాలిపోతోంది. రోజుకి ఆరు ఫారాలు పూర్తి చేయాలి, నాలుగోదాంట్లో ఉన్నాను. అమ్మాయికి ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయి, చంకలో పిల్ల. అరుగు మీద ఆ చివర అత్తగారు కందిపప్పు చెరుగుతోంది. లోపలికి వెళ్దామమ్మా అంటే “పర్లేదు అడగండక్కా, ఎవరున్నారిక్కడ” అంది.

అడుగుతూ వచ్చి “అత్తమామల్ని గౌరవించకపోతే భర్త కొట్టడం సబబేనా?” అన్నాను. చేట చప్పుడు ఆగింది. ఆమె ఇటు చూడలేదు, పప్పులోకే చూస్తోంది. అమ్మాయి పిల్లని ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చుకుని “కొడతారు గదక్కా” అంది.

నా తెరమీద మూడే గడులు. అవును, కాదు, తెలియదు. “కొడతారు గదక్కా” అనే గడి లేదు. మళ్ళీ అడిగాను, మళ్ళీ అదే మాట. అవును నొక్కాను. ఇంకా రెండు ఇళ్ళు తిరగాలి మరి. చేట మళ్ళీ ఆడింది.

కృష్ణలంక కుర్రాడు:

ఇదే నేను మొదటినుంచీ అంటున్నది! ఆమె జరిగేది చెప్పింది, జరగాల్సింది కాదు. మనం రోజూ అనే మాటలే చూడండి. “అలా మాట్లాడితే కొట్టడా మరి”, “కొట్టక ముద్దు పెట్టుకుంటాడా”. వీటిలో న్యాయం గురించి ఒక్క ముక్క ఉందా? మొగుడి సంగతి తెలిసినామె చెప్పే సంగతి అది. వాన పడితే తడుస్తావ్ అన్నట్టు.

అమలాపురం అత్త:

కుర్రాడా, ఆగు కాస్త. “కొట్టడా మరి” అనేది నువ్వన్నంత అమాయకమైన మాటేం కాదు. నా పెళ్ళయిన కొత్తలో మా వదిన నాతో అన్న మాట అది, నా చెంప వాచి ఉన్నప్పుడు. వాన గురించి చెప్పినట్టు చెప్పలేదు. తప్పు నీదే, సర్దుకో అని చెప్పింది. జరిగేది చెబుతూనే జరగాల్సిందీ చెప్పేస్తాం మనం, ఆ మాట బలమే అది. టాబ్లెట్‌లో అవును నొక్కడం పూర్తిగా తప్పని నేననను.

డల్లాస్ బావ:

అత్తగారూ 🙏

దీనిమీద పరిశోధన ఉంది కూడా. బంగ్లాదేశ్ పల్లెల్లో సిడ్నీ రూత్ షూలర్, ఆమెతో పనిచేసినవాళ్ళు ఇలాంటి ప్రశ్నలనే తీసుకుని, జవాబు చెప్పిన ఆడవాళ్ళని కూర్చోబెట్టి “మీరు ఏమనుకుని ఆ మాట చెప్పారు?” అని విడమరిచి అడిగారు. 2011లో అచ్చయింది. కొందరు తమ అభిప్రాయం చెప్పారు, కొందరు ఊళ్ళో అందరూ ఏమనుకుంటారో అది చెప్పారు. తప్పు పెద్దదా చిన్నదా అన్నదాన్ని బట్టి జవాబు మార్చుకున్నవాళ్ళూ ఉన్నారు. ప్రశ్న మాత్రం అందరికీ ఒక్కటే. ఈ ముక్కలో కుర్రాడి వైపు వస్తాను నేను.

పాలమూరు పద్మ:

సరే. గట్లయితే నాకొక్కటి చెప్పుండ్రి. అత్త పక్కన కూసునుడు హిమాచల్‌ల లేదా? ఆడ ఆడోళ్ళకి ఊరి మాట, సొంత మాట కలవవా? ప్రశ్న గదే, గడులు గవే. ఆడ 15, ఈడ 84. ప్రశ్నల తప్పు ఎంతున్నా ఈ దూరం దానితోనే పూడదు. సగం తీసేసినా 42 మిగుల్తది.

చదువు అంటరా? కేరళ 52. ఇగ అది కూడ పోయింది.

లెక్కల పంతులు:

పద్మగారి ప్రశ్నకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. సగం జవాబు ఉంది. ఈ సర్వే ఫీల్డ్ పని దేశమంతా ఒక్క సంస్థ చేయదు, వేర్వేరు ఏజెన్సీలకి ఇస్తారు. శిక్షణ ఒకటే అయినా అడిగే తీరు మారుతుంది. దానికి తోడు భాష. “సబబేనా”, “కొట్టొచ్చా”, “న్యాయమేనా” మూడూ ఒక్కటి కావు. “కొట్టొచ్చా” అంటే అనుమతి అడిగినట్టూ ఉంటుంది, అవకాశముందా అని అడిగినట్టూ ఉంటుంది. “వాన రావచ్చా” అంటాం కదా. హిందీలో ఆ రెండూ అంతలా కలవవనుకుంటాను, తెలిసినవాళ్ళు సరిదిద్దండి.

ఏజెన్సీ భయం ఎందుకంటే, పక్క రాష్ట్రం సంగతి చూడండి. భర్త చేతిలో హింస అనుభవించామన్న ఆడవాళ్ళు కర్ణాటకలో నాలుగో విడతలో 21 శాతం, ఐదో విడతలో 44. నాలుగైదేళ్ళలో కన్నడ మగవాళ్ళు రెట్టింపు రాక్షసులైపోయారా? ఆడవాళ్ళు నోరు విప్పడం పెరిగి ఉండాలి, లేదా అడిగేవాళ్ళు మారి ఉండాలి. ఆ హింస ప్రశ్నలకి కట్టుదిట్టం కూడా ఎక్కువే. ఇంటికొక్కరినే అడుగుతారు, ఏకాంతం దొరక్కపోతే ఆ భాగమే వదిలేస్తారు. అంత జాగ్రత్త పడితేనే ఇంత ఊగిసలాట.

చేట చప్పుడు:

“ఏకాంతం దొరికిందా” అన్న గడిలో ఎప్పుడేం నొక్కేవాళ్ళమో ఇక్కడ రాయను 🙂

డల్లాస్ బావ:

ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే అమెరికా సర్వే సంస్థ 2019-20లో దాదాపు 30 వేల మంది భారతీయుల్ని అడిగింది, ఆడా మగా కలిపి. భార్య ఎప్పుడూ భర్త మాట వినాల్సిందే అన్నదానికి 87 శాతం మంది పూర్తిగానో చాలావరకో ఒప్పుకున్నారు. మళ్ళీ అదే సర్వేలో, అడిగిన మొత్తం మందిలో 55 శాతం, రాజకీయ నాయకత్వంలో ఆడవాళ్ళూ మగవాళ్ళూ సమానమే అన్నారు. ముఖ్యమంత్రిగా సరే, ఇంట్లో మాత్రం నోరెత్తకు అన్నమాట. ఇందులో ఏది వాళ్ళ “అసలు” అభిప్రాయం? రెండూనేమో.

పాలమూరు పద్మ:

నాకు 84 కంటె భయమైన అంకె వేరే ఉన్నది. నాలుగో విడత కాడికెల్లి ఐదో విడతకు, దేశంల కొట్టొచ్చన్న ఆడోళ్ళు 52 నుంచి 45కి దిగిన్రు. మొగోళ్ళు? 42 నుంచి 44. దాన్ని ఏ పేపరూ హెడ్డింగ్ పెట్టలె. “ఆడవాళ్ళే ఒప్పుకుంటున్నారు” అంటే చదువనీకి మజా ఉంటది కదా.

కృష్ణలంక కుర్రాడు:

పద్మగారూ, ఆ మగవాళ్ళ అంకె నేనూ చూడలేదు. మొదటి పోస్టులో అది పెట్టాల్సింది.

మీరంతా ఇంత రాశాక నిన్న రాత్రి అమ్మనే అడిగేశాను, ఏడూ వరసగా. అట్లు పోస్తోంది. వంటా, బయటికెళ్ళడం, ఎదురు మాట్లాడటం, పిల్లలు, ఇవన్నీ “ఛ, దానికి కొడతారా” అని కొట్టిపారేసింది. అనుమానం దగ్గర ఏమీ అనలేదు. ఒకటి వదిలేశాను, అమ్మని ఎలా అడగను. అత్తమామల దగ్గరికొచ్చేసరికి “మరీ పెద్దంతరం చిన్నంతరం లేకుండా అంటే కొట్టడా మరి” అంది.

“అయితే కొట్టడం న్యాయమేనంటావ్?”

“న్యాయమని నేనెప్పుడన్నాన్రా?”

“మరి అవునని వేసుకోనా, కాదని వేసుకోనా?”

“నీ ఇష్టమొచ్చింది వేసుకో. అట్టు మాడిపోతోంది, ఆ అట్లకాడ ఇలా ఇవ్వు.”

పాలమూరు పద్మ:

అప్పుడు మీ నాయిన యాడున్నడు?

కృష్ణలంక కుర్రాడు:

హాల్లో. టీవీ చూస్తున్నారు. సౌండు తగ్గించే ఉంది.