జంటగా భోజనం చేసే చోట యాంబియెన్స్‌కు విడిగా వెల కట్టాలా?

మల్లెపందిరి (చర్చ ప్రారంభం)

జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ వీధుల్లో పాత బంగళాలను తీర్చిదిద్ది, చెట్ల కింద ఇద్దరికి సరిపడే టేబుళ్ళు వేసి, లాంతర్ల వెలుతురులో వడ్డించే రెస్టారెంట్లు హైదరాబాదులో బాగా పెరిగాయి. అక్కడికి వెళ్ళడం మీద నాకు అభ్యంతరం లేదు, మేమూ పెళ్ళిరోజుకు వెళ్ళేది అటువంటి చోటికే. నా అభ్యంతరమంతా బిల్లు వేసే తీరు మీద. ఇంటి పక్కన దొరికే వంటకానికి అక్కడ రెండింతలో మూడింతలో ధర ఉంటుంది. నీళ్ళ సీసా మీద ముద్రించిన ధర ఒకటి, బిల్లులో పడే ధర మరొకటి. ఇవి చాలవన్నట్టు చివర్లో పది శాతం సర్వీసు చార్జీ. ఈ మూడింటికీ కారణం అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: యాంబియెన్స్, అంటే అక్కడి వాతావరణం, హంగులు.

యాంబియెన్స్‌కు డబ్బు తీసుకోవడం తప్పని నేను అనడం లేదు. దానిని పప్పులోనూ నీళ్ళలోనూ దాచి తీసుకోవడం ఎందుకని అడుగుతున్నాను. మన పెళ్ళిళ్ళలో ఫంక్షన్ హాలు అద్దె వేరు, క్యాటరింగ్ వాళ్ళ ప్లేటు లెక్క వేరు, రెండూ ముందే తెలుస్తాయి కాబట్టి ఏది ఎక్కువైందో మనకు అర్థమవుతుంది. ఇద్దరు కూర్చునే టేబుల్‌కు సాయంత్రానికి ఇంత అని మెనూ మొదటి పేజీలోనే వేసి, వంటకాలను మామూలు ధరకు ఇస్తే ఎవరికి నష్టం? ఈ ప్రశ్నకు సమాధానం కావాలి, ముఖ్యంగా ఆ వ్యాపారంలో పనిచేసినవారి నుంచి.

గరిటె లెక్క

చాలా ఏళ్ళు ఇటువంటి రెస్టారెంట్లలోనే మేనేజరుగా పనిచేశాను కాబట్టి అటువైపు లెక్క చెప్పవలసిన బాధ్యత నాకుంది.

మాకు ఆదాయం తెచ్చేది వంటకం ధర ఒక్కటే కాదు, ఒక కుర్చీ ఒక సాయంత్రంలో ఎన్నిసార్లు నిండిందన్నది అంతకంటే ముఖ్యం. రాత్రి భోజనాల వేళ ఏడున్నర నుంచి పదకొండు దాకా అనుకుందాం. మధ్యాహ్నం మీల్స్ పెట్టే హోటల్లో తింటున్నవారి వెనకాలే తరువాతివారు కుర్చీ పట్టుకుని నిలబడి ఉంటారు. అక్కడ ఇరవై నిమిషాలకు ఒక సీటు ఖాళీ అవుతుంది. కుటుంబాలు వచ్చే బిర్యానీ రెస్టారెంటులో నలుగురి టేబుల్ ఆ మూడున్నర గంటల్లో మూడుసార్లు నిండితే పన్నెండు మంది తింటారు. జంటల కోసం అలంకరించిన చోట అదే స్థలంలో వేసిన టేబుల్ దగ్గర ఇద్దరు కూర్చుని, ఒక స్టార్టరు, ఒక మెయిన్ కోర్సు పంచుకుని, రెండున్నర గంటలు మాట్లాడుకుంటారు. ఆ తరువాత ఇంకో జంట వచ్చినా మొత్తం నలుగురే. టేబుళ్ళ మధ్య పక్కవారి మాట వినబడనంత దూరం ఉంచాలంటే హాలులో పట్టవలసిన టేబుళ్ళలో సగం తీసేయాలి. మీకు నచ్చిన ఆ ఖాళీ స్థలానికి కూడా ప్రతి నెలా అద్దె కడతాం.

పన్ను సంగతి బయటివారికి అంతగా తెలియదు. 2017 నవంబరు 15 నుంచి మామూలు రెస్టారెంట్లకు జీఎస్టీ 5 శాతం చేశారు, అయితే దానితోపాటు ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్‌ను తీసేశారు. అంటే మేము కట్టే అద్దె మీద 18 శాతం, లైట్ల మీద, ఫర్నిచర్ మీద, ఇంటీరియర్ పని మీద కట్టిన పన్ను, ఇవేవీ తిరిగి సర్దుబాటు కావు. గోడలకు సున్నం కొట్టి ట్యూబులైటు పెట్టినవాడికంటే హంగుల మీద ఖర్చు పెట్టినవాడికే ఈ భారం ఎక్కువ. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే హోటళ్ళలోని రెస్టారెంట్లు 18 శాతం వసూలు చేస్తాయి కానీ వాటికి క్రెడిట్ ఉంటుంది. బయట విడిగా నడిచే చిన్న రెస్టారెంటుకు అది లేదు. అందువల్ల ఆ ఖర్చంతా వంటకం ధరలోకే వస్తుంది.

కుర్చీకి అద్దె విడిగా వేయమంటున్నారు. అలా వేసిన మరునాడు ఇంటర్నెట్‌లో మాకు పడే రేటింగు మీరు ఊహించగలరు. 650 రూపాయల పాస్తాను చూసి ఏమీ అనని కస్టమరు, పాస్తా 350, టేబుల్ 300 అని చూస్తే లేచి వెళ్ళిపోతాడు.

ధర్మకాటా

గరిటె లెక్క గారు వంటకం ధర గురించి చెప్పినదంతా ఒప్పుకోదగినదే. మెనూలో తమకు నచ్చిన ధర వేసుకునే హక్కు రెస్టారెంటుకు ఉంది, నచ్చకపోతే లేచి వెళ్ళే హక్కు మనకుంది. ఆయన మౌనంగా దాటేసిన సర్వీసు చార్జీ మాత్రం వేరే విషయం. న్యాయవాదిగా దానిని విడదీసి చూపిస్తాను.

నీళ్ళ సీసాతో మొదలుపెడతాను. ముద్రించిన ధరకంటే ఎక్కువకు అమ్మడం నేరమని చాలామంది అనుకుంటారు. హోటళ్ళు, రెస్టారెంట్ల విషయంలో అది నేరం కాదని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో తీర్పు చెప్పింది. రెస్టారెంటుకు వచ్చినవారు కేవలం సరుకు కొనుక్కోవడానికి రారనీ, ఒక్క నీళ్ళ సీసానే తెప్పించుకున్నా అక్కడి యాంబియెన్స్‌ను అనుభవించడమే వారి ఉద్దేశం కావచ్చుననీ ఆ తీర్పులోని తర్కం. అంటే మల్లెపందిరి గారు దాచి తీసుకుంటున్నారని అన్న ఆ అదనానికి న్యాయస్థానమే ఒక ఆధారం చూపించింది.

ఆ ఆధారమే సర్వీసు చార్జీకి ఎదురు తిరుగుతుంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు జారీ చేసింది. రెస్టారెంటు బిల్లులో సర్వీసు చార్జీని తనంతట తానుగా కలపరాదు, వేరే పేరుతో వసూలు చేయరాదు, ఇవ్వనన్నవారికి ప్రవేశం నిరాకరించరాదు, దానిని ఆహారం ధరకు కలిపి మొత్తం మీద జీఎస్టీ వేయరాదు. రెస్టారెంట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళి మొదట స్టే తెచ్చుకున్నాయి. చివరికి 2025 మార్చి 28న హైకోర్టు ఆ పిటిషన్లను కొట్టివేసి, మార్గదర్శకాలను సమర్థించింది. సంఘాలు అప్పీలుకు వెళ్ళినప్పుడు, అదే ఏడాది ఆగస్టులో, ధర్మాసనం వేసిన ప్రశ్న మన చర్చకు సూటిగా తగులుతుంది: ఇరవై రూపాయల నీళ్ళకు వంద తీసుకుంటున్నప్పుడు ఆ అదనం యాంబియెన్స్‌కే కదా, మళ్ళీ సర్వీసు చార్జీ దేనికి?

అంకెల్లో చూడండి. భోజనం 3,000 రూపాయలైతే 5 శాతం పన్నుతో 3,150 అవుతుంది. పది శాతం సర్వీసు చార్జీ కలిపి పన్ను వేస్తే 3,465. ఆ 315 రూపాయలను తీసేయమని అడగవచ్చు. తీయకపోతే 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు. అయితే లాంతరు వెలుతురులో, ఎదురుగా భార్య కూర్చుని ఉండగా, వడ్డన చూసుకునే కెప్టెన్‌ను పిలిచి మూడు వందల కోసం వాదించడానికి ఎంతమందికి నోరొస్తుంది? ఆ మొహమాటం లెక్కలోకి తీసుకునే ఆ చార్జీని బిల్లులో వేస్తారన్నది నా అభిప్రాయం. వడ్డించిన స్టీవర్డ్ పనితనం నచ్చితే అతని చేతిలో మనకు తోచినంత పెట్టడాన్ని ఏ చట్టమూ ఆపలేదు.

హాస్టల్ మూడో అంతస్తు

ఇక్కడ మాట్లాడినవారందరూ ఇల్లు ఉన్నవారే అనిపిస్తోంది. వారికి రెస్టారెంటు అంటే పండుగనాటి ముచ్చట. గచ్చిబౌలిలో ముగ్గురు పంచుకునే హాస్టల్ గదిలో ఉంటూ, ఇంకో హాస్టల్లో ఉండే మనిషిని పెళ్ళి చేసుకోవాలనుకునే నాలాంటివారికి అది ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోగలిగిన ఏకైక చోటు. మా హాస్టల్లోకి అతను రాకూడదు, అతని హాస్టల్లోకి నేను వెళ్ళకూడదు. పార్కుకు వెళ్ళమంటారేమో. 2021 ఆగస్టులో ఇందిరా పార్కు దగ్గర పెళ్ళికాని జంటలకు లోపలికి ప్రవేశం లేదని ఏకంగా బ్యానరే కట్టారు. గొడవ జరిగాక జీహెచ్ఎంసీ దానిని తీయించింది గానీ, ఆ బ్యానరు కట్టించిన చూపు పార్కుల్లోంచి ఎక్కడికీ పోలేదు. ఫిబ్రవరి 14 వస్తే ట్యాంక్‌బండ్ మీద నడవడానికి కూడా భయమే.

కాబట్టి మేము కొంటున్నది పాస్తా కాదని గరిటె లెక్క గారు చెప్పకముందే మాకు తెలుసు. ఎవరూ వచ్చి మీరిద్దరూ ఏమవుతారని అడగని రెండు గంటలు కొంటున్నాం. ఇప్పుడున్న పద్ధతిలో ఒక కాఫీ, ఒక కేకు ముక్క, రెండు చెంచాలు తెప్పించుకుని ఆ రెండు గంటలు గడపవచ్చు. కాఫీ ధర మూడింతలైనా నాలుగు వందల్లో తేలిపోతుంది. మల్లెపందిరి గారు కోరినట్టు టేబుల్‌కు విడిగా అద్దె పెడితే, వంటకాలు చౌక అవుతాయేమో గానీ, మేము గుమ్మం దగ్గరే ఆగిపోతాం. పెద్ద బిల్లు చేసే టేబుళ్ళ వల్లనే మా చిన్న బిల్లు చెల్లుబాటవుతోంది. దాచి తీసుకునే ధర వల్ల బాగుపడుతున్నవారు కూడా ఉన్నారని మరిచిపోవద్దని నా మనవి.

ఆబిడ్స్ పాతకాపు

అమ్మాయి చెప్పినది కొత్త అవసరమేమీ కాదు. ఇరానీ హోటళ్ళలో ‘ఫ్యామిలీ రూమ్’ అని రాసి, చెక్క పార్టిషన్లు కట్టి, తెరలు వేసి ఉంచిన గదుల్లో మా తరంవారు చేసింది ఇదే. చాయ్, ఉస్మానియా బిస్కట్ల ఖర్చుతో తెర వెనకాల గంట కూర్చునేవాళ్ళం.

విడిగా వెల కడితే కస్టమరు లేచి వెళ్ళిపోతాడన్న మాటను మాత్రం నమ్మలేను. విజయవాడ, గుంటూరు, రాజమండ్రి హోటళ్ళలో ఏసీ హాలుకు ఒక రేటు, బయట హాలుకు ఒక రేటు అని ఒకే మెనూ కార్డులో రెండు వరుసలుగా అచ్చు వేసేవారు. అదే ఇడ్లీ, అదే సాంబారు, చల్లగాలికి మాత్రం అదనం. ఎవరూ అలగలేదు, ఇష్టమున్నవారు లోపలికి, లేనివారు బయటికి. ప్రభుత్వం కూడా 2017 జులైలో జీఎస్టీ తెచ్చినప్పుడు మద్యం అమ్మని నాన్ ఏసీ రెస్టారెంటుకు 12 శాతం, ఏసీ రెస్టారెంటుకు 18 శాతం అని తేడా పెట్టింది. కొద్ది నెలలకే ఆ తేడా తీసేశారనుకోండి. హంగుకు వెల చెప్పి తీసుకోవడం మనకు బాగా అలవాటైన పద్ధతేనని అంటున్నాను. చెప్పడానికి ఇప్పటి యజమానులకు ఎందుకు సంకోచమో గరిటె లెక్క గారే చెప్పాలి.

అన్నట్టు, ఈ లాంతర్ల రెస్టారెంట్లలో గుత్తివంకాయ, ఉలవచారు ఎందుకు కనబడవో ఎవరైనా చెబుతారా? చేత్తో కలుపుకుని తింటే ప్రేమ తగ్గుతుందని ఎవరు తేల్చారు?

మల్లెపందిరి

హాస్టల్ మూడో అంతస్తు గారి వాదన నా ప్రతిపాదనలోని ఒక భాగానికి గట్టిగా తగిలింది. అందుకని దానిని కుదించి చెబుతాను. పాతకాపు గారు చెప్పిన రెండు వరుసల మెనూ పద్ధతి తీసుకుంటే, లోపలి హాలులో మామూలు ధర, చెట్ల కింది టేబుళ్ళకు దాని మీద అదనం అని అచ్చు వేయవచ్చు. నాలుగు వందల కాఫీ తాగేవారు హాలులోనే కూర్చుని ఇంకా తక్కువకు తాగుతారు. ధర్మకాటా గారు వివరించిన తరువాత సర్వీసు చార్జీ గురించి నేను కొత్తగా చెప్పవలసింది లేదు. అది బిల్లులో ఉండకూడదు. నీళ్ళ సీసా ధర చట్టబద్ధమే కావచ్చు, అయినా గ్లాసులో మామూలు తాగునీళ్ళు అడిగితే మొహం చిట్లించకుండా పోయడం మర్యాద.

హాస్టల్ మూడో అంతస్తు

లోపలి హాలు అంటే కుటుంబాలు, పిల్లలు, పుట్టినరోజు కేకులు ఉండే హాలు. అక్కడ పక్క టేబుల్‌వారు మా మాట వింటారు, కొందరు తమ మాటలు ఆపి మరీ వింటారు. మాకు చెట్టు అక్కరలేదు, దూరం కావాలి. ఆ దూరానికే మీరు అదనం వేస్తున్నారు.

గరిటె లెక్క

పాతకాపు గారూ, సంకోచానికి కారణం ఒకటే. ఏసీ హాలు రేటు ఊళ్ళో అందరూ వేశారు కాబట్టి ఎవరూ అలగలేదు. ఇప్పుడు ఒక్కరే మొదలుపెడితే ఫోనులో ధరలు పోల్చి చూసుకునే కస్టమరు పక్క వీధికి వెళతాడు. ఉలవచారు గురించి చెఫ్‌లతో నేనూ వాదించాను. తెల్లటి టేబుల్‌క్లాత్ మీద మరక పడితే లాండ్రీ ఖర్చు ఎవరిదని అడిగారు.

ఆచరణలో ఒక మార్గం ఉంది. పబ్బుల్లో కవర్ చార్జీ ముందు తీసుకుని, దానిని తిరిగి తిండి బిల్లులో తగ్గించే పద్ధతి ఈ నగరంలో నడుస్తూనే ఉంది. వారాంతపు రాత్రుల్లో, ఎనిమిది దాటిన తరువాత మాత్రమే, చెట్ల కింది టేబుళ్ళకు అలా ముందుగా కొంత తీసుకుని బిల్లులో తగ్గిస్తే యజమానికి భరోసా ఉంటుంది. మిగతా రోజుల్లో, సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా ఆ టేబుళ్ళు ఎలాగూ ఖాళీగానే ఉంటాయి. అప్పుడు ఒక కాఫీతో ఎంతసేపు కూర్చున్నా లేపవద్దని నేను పనిచేసిన చోట స్టీవర్డ్‌లకు చెప్పేవాణ్ణి.

ధర్మకాటా

బిల్లులో తగ్గించే కవర్ చార్జీ అంటే పేరు మార్చుకున్న కనీస బిల్లే. ముందుగా చెప్పి, రసీదు ఇచ్చి, మొత్తం తగ్గిస్తే నాకు అభ్యంతరం లేదు. తినని భాగాన్ని తిరిగి ఇస్తారా, ఉంచేసుకుంటారా అన్నది మాత్రం రిజర్వేషన్ చేసేటప్పుడే రాతపూర్వకంగా చెప్పాలి. గరిటె లెక్క గారు దానికి ఒప్పుకుంటారా?