ముద్రా లోన్ కాగితాల్లో ‘ప్రాఫిటబిలిటీ’ అంటే ఏం రాయాలి?

పచ్చళ్ళ వంటిల్లు, పెదవాల్తేరు:
ఇంట్లోనే రొయ్యల పచ్చడి పెట్టి అమ్ముతాను. పొద్దున్నే మా ఆయన ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి సరుకు తెస్తారు. నెలకి 60,000 అమ్మకం, నూనె, కారం, సీసాలు, గ్యాస్ అన్నీ పోను 18,000 మిగులుతుంది. లోన్ కాగితాల్లో ప్రాఫిటబిలిటీ అని ఒక గడి ఉంది. 18,000 అని రాసేస్తే సరిపోతుందా? మా ఆడపడుచేమో శాతం రాయాలంటోంది.

రిటైర్డ్ బ్యాంకు క్లర్కు:
మీ ఆడపడుచు చెప్పిందే రైటమ్మా. 18,000 మీ లాభం. అమ్మినదాంట్లో ఎంత శాతం మిగిలిందన్నది ప్రాఫిటబిలిటీ. మీది 30 శాతం. మూడు లక్షలు అమ్మి 30,000 మిగుల్చుకునే షాపుకి లాభం మీకన్నా ఎక్కువే, ప్రాఫిటబిలిటీ మాత్రం 10 శాతం. పెట్టుబడి మీద కూడా ఈ లెక్క కడతారు కాబట్టి, దేని మీద కట్టారో పక్కన రాయండి. వాడుకలో ‘ప్రాఫిట్ వచ్చింది’ అంటాం. ప్రాఫిటబిలిటీ అయితే పెరిగింది, తగ్గింది అంటాం. పేపర్లలో ‘లాభదాయకత’ అని రాస్తారు, ఇంట్లో ఎవరూ అనరు లెండి.

గాజువాక కిరాణా:
ఒక్కటి చూసుకోండి మేడమ్. వందకి కొని 125కి అమ్మితే 25 శాతం అనుకుంటాం. అది కొన్న ధర మీద. అమ్మిన ధర మీదైతే 20 శాతమే. మా సేల్స్‌మన్లు కూడా ఇక్కడే తికమక పడతారు.
ఇంకోటి, రొయ్యలు ఒలిచేదెవరు? మా నాన్న అనకాపల్లి మార్కెట్లో బెల్లం వేసొచ్చాక, ఇంట్లోవాళ్ళ కూలి కూడా వస్తేనే గిట్టుబాటయిందనేవారు.

పచ్చళ్ళ వంటిల్లు:
నేనూ మా అత్తగారూ. తలలు, పెంకులు తీసేసరికి వేళ్ళు మండిపోతాయి. బయటి మనిషిని పెట్టుకుంటే నెలకి 9,000 ఇవ్వాలి. అంటే మిగిలేది సగమేనా!

రిటైర్డ్ బ్యాంకు క్లర్కు:
అవునమ్మా, 15 శాతం. కూలి కలిపి ఒకటి, కలపకుండా ఒకటి, రెండూ చూపించండి. ఒక్క నెల లెక్క మాత్రం ఇవ్వొద్దు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఆ 61 రోజులు మీరు సరుకు ఏ రేటుకి కొంటున్నారో అదీ కలిపి ఏడాదికి కట్టండి. ఇంతకీ ఎంత అడుగుతున్నారు? ముద్రా లోన్లలో 50,000 దాకా అయితే శిశు రకం, అది దాటితే 5 లక్షల వరకూ కిశోర్ రకం.

పచ్చళ్ళ వంటిల్లు:
కిశోరే సార్. లక్షన్నర, డీప్ ఫ్రీజర్‌కి.

గాజువాక కిరాణా:
ఫ్రీజర్ కరెంటు బిల్లు కూడా ఖర్చుల్లో వేశారా మరి?