ఐస్ గోలాకు ఏ సిరప్ బాగుంటుంది? ఇంట్లో చేసుకునేవాళ్లు చెప్పండి

బోయిన్‌పల్లి అమ్మ:
పిల్లలకు సెలవులని బేగంబజార్‌లో చేత్తో తిప్పే ఐస్ మెషిన్ కొన్నాం. ఐస్ బాగానే వస్తోంది, చిక్కంతా సిరప్ దగ్గరే. పంచదార, నీళ్లు సమానంగా కాచి రోజ్ ఎసెన్స్ వేశాను. పోయగానే అడుక్కి జారిపోయి పైన చప్పటి ఐస్ మిగులుతోంది. బజార్లో దొరికే డబ్బా సిరప్‌లు మేలా? పిల్లలు తినేది కదా, రంగుల గురించి టెన్షన్‌గా ఉంది.

మలక్‌పేట వంటిల్లు:
అక్కా, ఆ కొలత షర్బత్‌కు సరిపోతుంది, గోలాకు పల్చన. కిలో పంచదారకు అర లీటరు నీళ్లు పెట్టండి. పంచదార పూర్తిగా కరిగి ఒక పొంగు రాగానే దించెయ్యాలి. తీగపాకం వస్తే ఐస్ తగలగానే బిగుసుకుని పళ్లకు అంటుకుంటుంది. దించాక చిన్న చెంచా నిమ్మ ఉప్పు, చిటికెడు ఉప్పు వేయండి. నిమ్మ ఉప్పుతో పులుపూ వస్తుంది, పాకం పలుకులు కట్టడమూ తగ్గుతుంది. ఎసెన్స్ మాత్రం బాగా చల్లారాకే, వేడిలో వేస్తే వాసనంతా ఆవిరైపోతుంది. రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు వాడండి. గోరువెచ్చగా ఉన్నా ఐస్ కరిగి సిరప్ కిందికి దిగిపోతుంది.

ఇంకొకటి. నోరు చల్లబడితే తీపి తక్కువగా తెలుస్తుంది. అందుకని విడిగా రుచి చూసినప్పుడు తీపీ పులుపూ మరీ ఎక్కువ అనిపించాలి. ఐస్ మీద అదే సరిగ్గా సరిపోతుంది.

సీతాఫల్‌మండి నాన్న:
కొనేవాళ్లు ముందు లేబుల్ చదవండి. ఫ్రూట్ సిరప్ అని అమ్మాలంటే కనీసం 25 శాతం పండ్ల రసం ఉండాలి. సింథటిక్ సిరప్ అని ఉంటే అది పంచదార, రంగు, ఎసెన్స్ అనుకోండి. అదేమీ నేరం కాదు, కానీ పండు ధర పెట్టి కొనకండి. లైసెన్స్ నంబరు, తయారీ తేదీ లేకుండా క్యాన్లలోంచి వంచి అమ్మే లూజు సిరప్ జోలికి మాత్రం పోవద్దు. బట్టలకు వేసే రోడమైన్‌-బి రంగు దొరికిందనే 2024 ఫిబ్రవరిలో తమిళనాడు పీచు మిఠాయిని నిషేధించింది. మరీ మెరిసిపోయే గులాబీ రంగు కనిపిస్తే నేను మా పిల్లలకు కొనను.

చిక్కడపల్లి అత్తయ్య:
రంగు కావాలంటే మన దగ్గరే ఉంది కదమ్మా. ఎర్ర పుంటికూర కాయల మీద ఉండే దళసరి రేకులు ఒలిచి, నీళ్లలో మరిగించి వడకట్టి, ఆ నీళ్లతోనే పాకం పట్టండి. పులుపు దానిలోనే ఉంటుంది, ఎరుపు చూస్తే కళ్లు తిప్పుకోలేరు. చలికాలంలో రేకులు ఎండబెట్టి దాచుకుంటే ఎండాకాలానికి పనికొస్తాయి.

కాలా ఖట్టాకు నేరేడు పళ్లు వచ్చేదాకా ఆగాలి. గింజ తీసి, గుజ్జు పంచదారతో ఉడికించి, జల్లెడ పట్టి, దించాక నల్ల ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి, నిమ్మరసం కలపండి. గరిట ఎత్తితే చుక్క తొందరపడకుండా జారాలి, అంతవరకే ఉడికించండి. జీలకర్ర పొడి మెత్తగా ఉండాలి, పలుకు తగిలితే పిల్లలు ఉమ్మేస్తారు. నాకు డబ్బా కాలా ఖట్టా ఎన్నడూ నచ్చలేదు, అందులో నేరేడు వగరే ఉండదు.

కూకట్‌పల్లి కడపోడు:
ఎవరూ నన్నారి మాటెత్తలేదేంటండీ! సుగంధి వేళ్ల సిరప్ మా రాయలసీమలో వేసవి వస్తే ప్రతి వీధిలో ఉంటుంది, ఇక్కడా దొరుకుతుంది. ఐస్ మీద పోసి, నిమ్మకాయ పిండి, నానబెట్టిన సబ్జా గింజలు చల్లండి. రంగులో గొప్ప లేదు, పిల్లలు మొదట వద్దంటారు. వాసన తగిలాక గిన్నె వదలరు.

మలక్‌పేట వంటిల్లు:
పోయడంలోనూ కిటుకు ఉంది. ఐస్ గడ్డను ఫ్రీజర్‌లోంచి తీసి, పైన తెల్లటి మంచు పోయి తడి మెరుపు వచ్చేదాకా ఆగి, అప్పుడు తిప్పండి. పలుకులు కాకుండా మెత్తటి పొరలు వస్తాయి. సగం గిన్నె నింపి సిరప్ పోసి, మిగతా ఐస్ వేసి మళ్లీ పోయండి. అడుగు తీపి, పైన చప్పన అనే గొడవ ఉండదు. మలాయి, రబ్డీ వేసేవాళ్లు రోజ్ సిరప్‌లో నిమ్మ ఉప్పు మానేయండి, పులుపు తగిలితే పాలు విరుగుతాయి.

బోయిన్‌పల్లి అమ్మ:
అందరికీ థాంక్సండీ. ఇంట్లో మా మామగారికి షుగర్. షుగర్‌ఫ్రీ పొడితో సిరప్ చేయొచ్చా?

సీతాఫల్‌మండి నాన్న:
తీపి వస్తుంది కానీ చిక్కదనం రాదండి. ఐస్ మీద సిరప్ గడ్డకట్టకుండా ఆపేది కూడా పంచదారే, అది లేకపోతే నీళ్లలా పడి ఐస్‌తో కలిసి గట్టిపడుతుంది. ఆయనకు నిమ్మరసం, నల్ల ఉప్పు, పుదీనా రుబ్బి చల్లగా పోసివ్వండి. చేసిన వెంటనే తినాలి, దాచితే పుదీనా నల్లబడుతుంది.